అడ్వాన్స్ తీసుకోక ముందే మామయ్యను అడగాల్సినవి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రం పక్క ఊరు. మా తమ్ముడికి 21 ఏళ్ళు. డిగ్రీ మధ్యలో మానేశాడు. ఈ ఆగస్టులో గుజరాత్ వేటకి, వెరావల్ వెళ్తానంటున్నాడు. మా అమ్మ తమ్ముడు, అంటే మా చిన మామయ్య, అక్కడ ఒక బోటుకి తండేల్, అంటే బోటు నడిపించే పెద్ద. వచ్చే వారం అడ్వాన్స్ పట్టుకుని వస్తానన్నాడు. నాన్నకి కిడ్నీలు పాడై డయాలసిస్ నడుస్తోంది. ఇంట్లో వేరే సంపాదన లేదు. పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోతారని అమ్మ ఒకటే ఏడుపు. వాడేమో 'నాకు ఈత వచ్చు, నాకేం కాదు' అంటాడు. వద్దంటే వినేలా లేడు. కనీసం మందుల సంచయినా కట్టి ఇద్దామనుకుంటున్నాను. ఏమేం మందులు పెట్టాలో రాయగలరు.
— ఒక అక్క

సమాధానం: అమ్మా, సంచి కట్టు, ఏం పెట్టాలో చివర్లో రాస్తాను. బోటు మీద కుర్రాళ్ళ ప్రాణాలు తీసేవాటిలో చాలావాటికి సంచిలో మందు లేదు. వాటి గురించి మాట్లాడాల్సింది మీ మామయ్యతో. అదీ అడ్వాన్స్ చేతిలో పడక ముందే. డబ్బు తీసుకున్నాక అడిగితే గొడవ పెట్టుకున్నట్టుంటుంది. బోటెక్కాక అడగడానికి మీ తమ్ముడికి నోరు రాదు. తండేల్ మాటకి ఎదురుచెప్పే అలవాటు బోటు మీద ఎవరికీ ఉండదు, మేనల్లుడికి అసలే ఉండదు.

ముందు అమ్మ భయం సంగతి. అందులో నిజం లేకపోలేదు. 2018 నవంబరులో వెరావల్ నుంచి వేటకి వెళ్ళిన మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళు పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడ్డారు. వాళ్ళలో 20 మంది ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇంటికి చేరారు. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ పద్నాలుగు నెలలు ఎలా గడిపారో మీ వైపు అందరికీ తెలుసు. అయితే ఈ ప్రమాదం ప్రతి బోటుకీ ఒకేలా ఉండదు. ఏ బోటు ఎటు వెళ్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఓఖా దాటి పైకి, జఖౌ వైపు పోతున్నకొద్దీ సరిహద్దు దగ్గరవుతుంది. అక్కడ సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర సరిహద్దు గీత ఎక్కడన్నది రెండు దేశాలూ ఇంకా తేల్చుకోనేలేదు. చేపలు అటే ఎక్కువ దొరుకుతాయని బోట్లు ఆశపడతాయి. కాబట్టి మామయ్యను సూటిగా అడగండి: ఏ వైపు వేట? బోటుకి ట్రాన్స్‌పాండర్ ఉందా? ఇది ఇస్రో చేసిన పరికరం. ప్రధానమంత్రి మత్స్య సంపద పథకం కింద ప్రభుత్వం బోట్లకి ఉచితంగా పెడుతోంది. సరిహద్దు దగ్గరైతే హెచ్చరిస్తుంది, ఫోన్ సిగ్నల్ లేని చోట ఆపదలో ఉన్నామన్న కబురు ఒడ్డుకి పంపుతుంది. ఉంటే, పనిచేస్తోందా అని కూడా అడగాలి. పెట్టించాక తీగ పీకేసిన బోట్లు ఉండవని నేను చెప్పలేను.

ఒకవేళ అంత పనీ జరిగితే కాగితాలే దిక్కు. రెండు దేశాలూ 2008 నాటి ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్ళలో ఉన్న అవతలి దేశం వాళ్ళ జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఫలానా ఊరివాడే అని ఇక్కడ నిర్ధారించాకే విడుదల కదులుతుంది. ఆధార్‌లో ఒక పేరు, బోటు కాగితంలో ఇంకో పేరు ఉంటే ఆ పని ఆలస్యమవుతుంది. వెళ్ళే ముందు ఆధార్, మత్స్యకారుల గుర్తింపు కార్డు ఫొటోలు తీసి నీ ఫోన్లో పెట్టుకో. ఇంటి పేరుతో సహా అక్షరాలు ఒకటేనా చూసుకో.

ఇక ఈత సంగతి. మీ తమ్ముడు ఒడ్డున కెరటాల్లో ఈదినవాడు. అది నిజంగా గొప్పే. కానీ ట్రాలర్ మీంచి రాత్రిపూట పడ్డవాడికి ఈత ఎంత సేపు అక్కరకొస్తుందో లెక్కేసి చెప్పమను. వల లాగుతున్న బోటు గంటకి అయిదారు కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఇంజన్ హోరులో కేక వినపడదు. పది నిమిషాల తర్వాత ఎవరో 'వాడేడీ' అనుకునేసరికి బోటు కిలోమీటరు దూరంలో ఉంటుంది. వల నీళ్ళలో ఉండగా గిరుక్కున తిరగడమూ కుదరదు. చీకట్లో తల ఒక్కటే నీటిమీద ఉన్న మనిషిని వెతకాలి.

ఎక్కడ పడతారో కూడా చెప్తాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ ఇంట్లో మాట్లాడరు. చాలా బోట్లకి మరుగుదొడ్డి ఉండదు. రాత్రి నిద్రలో లేచి, ఒక్కడే బోటు వెనక అంచుకి పోయి, ఒక చేత్తో తాడు పట్టుకుని కూర్చుంటారు. చెక్క మీద చేపల జిగురు, నీళ్ళు. ఒక పెద్ద కెరటం చాలు. తెల్లారి లెక్క చూస్తే ఒకడు తక్కువ. కాబట్టి రాత్రి ఒంటికో రెంటికో లేస్తే పక్కవాణ్ణి లేపి మరీ వెళ్ళాలి. సిగ్గుపడే వయసే, తెలుసు. అయినా చెప్పు. అక్కవి నువ్వు చెప్తేనే వింటాడు. నోరు పెట్టి అరవడం కంటే మెడలో విజిల్ వేసుకోవడం నయం, దూరం వినిపిస్తుంది.

లైఫ్ జాకెట్లు బోటు మీద ఉంటాయి. తనిఖీకి చూపించడానికి ఉండాలి మరి. తర్వాత అవి క్యాబిన్‌లో తలదిండ్లు అవుతాయి. వేసుకుంటే పని చెయ్యలేం, ఉక్కపోస్తుంది అంటారు. అందులోనూ కొంత నిజం ఉంది. పగలు నలుగురి మధ్య చేపలు ఏరేటప్పుడు వేసుకోకపోయినా, రాత్రిపూట, గాలివానలో, వల వేసేటప్పుడూ లాగేటప్పుడూ వేసుకుని తీరాలి. మనిషికొకటి ఉందా అని మామయ్యను అడగండి. ఆరుగురుంటే నాలుగు ఉండడం కాదు.

తాళ్ళు, వించి (వల తాడుని చుట్టి లాగే యంత్రం). నేను తీరం ఆస్పత్రుల్లో పనిచేసిన కాలంలో వేళ్ళు లేని చేతులు ఎక్కువగా చూసింది బోటు పనివాళ్ళవే. వల బరువుతో బిగిసిన ఇనుప తాడు వించి మీద చుట్టుకుంటుంటే, అది సరిగ్గా పడాలని చేత్తో సర్దుతారు. వేలు లోపలికి పోవడానికి రెప్పపాటు కూడా పట్టదు. మెడకి చుట్టిన తువ్వాలు, వదులుగా కట్టిన లుంగీ, సైజు పెద్దదైన గ్లవ్సు ఇవన్నీ మనిషిని లోపలికి లాగేసేవే. పొట్టి నిక్కరు, ఒంటికి అంటుకునే బనియను మేలు. కింద చుట్టలుగా పడి ఉన్న తాడు మధ్యలో కాలు పెట్టి నిలబడకూడదు. తాడు ఒక్కసారి బిగిస్తే కాలుతో సహా నీళ్ళలోకే. మొదటిసారి వెళ్ళేవాణ్ణి మొదటి రెండు మూడు ట్రిప్పులు వించి దగ్గర నిలబెట్టవద్దని మామయ్య దగ్గర మాట తీసుకోండి. కొత్తవాణ్ణి చేపలు ఏరడానికీ వంటకీ పెట్టడం మామూలే, కాబట్టి ఇది పెద్ద కోరికేం కాదు.

ఒకవేళ వేలు తెగితే, తెగిన ముక్కని ఐసులో నేరుగా వెయ్యకూడదు. శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి గట్టిగా కట్టి, ఆ కవర్ని ఐసు మీద ఉంచాలి. ఐసుకి బోటులో కొదవ లేదు. గాయాన్ని గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి గుండె కంటే ఎత్తులో పెట్టాలి. వెంటనే ఒడ్డుకి తిప్పాలి, కోస్ట్ గార్డ్‌కి కబురు పెట్టాలి. వాళ్ళ నంబరు 1554. ఫోన్ పనిచెయ్యని దూరంలో వీహెచ్ఎఫ్ వైర్‌లెస్ సెట్టులో 16వ ఛానెల్. ట్రిప్పు సగంలో ఉంది, డీజిల్ దండగ అని ఆగితే వేలు పోతుంది, ఒక్కోసారి చెయ్యే పోతుంది.

ఇంకొకటి ఉంది. దీన్ని చాలామంది పాత కళాసీలు కూడా తేలిగ్గా తీసుకుంటారు. బోటు అడుగున చేపలు, ఐసు నింపే గది. పదిహేను ఇరవై రోజుల ట్రిప్పులో అడుగున చెత్త చేప కుళ్ళి, మూసి ఉన్న గదిలో విషవాయువు తయారవుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ అంటారు. మొదట కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ కంపు తెలియడం మానేస్తుంది. అప్పుడు 'కంపు పోయింది' అనుకుని దిగినవాడు దిగినట్టే పడిపోతాడు. వాణ్ణి తియ్యడానికి రెండోవాడు దిగుతాడు, వాడూ పడతాడు. ఇలాంటి ప్రమాదాల్లో ఒకరి వెనక ఒకరు పోవడానికి కారణం ఇదే. అన్నదమ్ములూ బావమరుదులూ ఒకే బోటులో ఉంటే ఆగమన్నా ఎవరూ ఆగరు. మీ తమ్ముడికి ఒక్కటే చెప్పు: మూతలన్నీ తీసి బాగా గాలి ఆడనిచ్చాకే దిగాలి, దిగేవాడి నడుముకి తాడు ఉండాలి, పైన ఒకడు పట్టుకుని నిలబడాలి. పడిపోయినవాణ్ణి ఆ తాడుతో పైనుంచే లాగాలి. మామయ్యే పడిపోయినా సరే, కిందికి దిగకూడదు. చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది.

నిద్ర గురించి మామయ్యతో వాదించి లాభం లేదేమో గానీ అడగండి. ట్రాలర్ రాత్రింబవళ్ళు వల లాగుతుంది. కొన్ని గంటలకోసారి వల పైకి రావాలి, చేపలు ఏరాలి, ఐసులో వెయ్యాలి, మళ్ళీ వల దించాలి. మధ్యలో దొరికిన గంటా రెండు గంటలే నిద్ర. చేపల వేట పనివాళ్ళకి రోజుకి కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లోనే ఒప్పందం రాసింది. మన దేశం దానికి ఇంకా ఆమోదం తెలపలేదు. కాబట్టి అది అడిగే హక్కు కాగితం మీద లేదు. వంతులు వేసుకుని, ఒక్కొక్కరికి ఏకధాటిగా నాలుగైదు గంటలు పడుకునే వీలు ఇచ్చే తండేళ్ళూ ఉన్నారు. మీ మామయ్య ఎలాంటివాడో మీకే తెలియాలి.

ఇప్పుడు నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నా మనసులో ఉన్న అసలు విషయానికి వస్తాను. మీది కిడ్నీ జబ్బు ఇంటింటా కనిపించే ఉద్దానం ప్రాంతం. మీ నాన్నకి కిడ్నీలు పోయాయి. ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ పరిశోధకులు ఒక్కటి తేల్చి చెప్పలేకపోయారు. కానీ తెలిసిన సంగతులు కొన్ని ఉన్నాయి. నీళ్ళు తక్కువ తాగి ఎండలో ఒళ్ళు హూనం చేసుకోవడం, దాని మీద నొప్పి మాత్రలు మింగడం ఏ కిడ్నీకైనా చెడ్డది. ఇప్పటికే బలహీనంగా ఉన్నదానికి మరీ చెడ్డది. బోటు మీద ఈ రెండూ రోజూ జరుగుతాయి. మంచినీళ్ళు ట్యాంకులో లెక్కగా ఉంటాయి, కొత్తవాడు మొహమాటపడి తక్కువ తాగుతాడు. నడుము నొప్పి, భుజాల నొప్పి అందరికీ. డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రల షీటు చేతులు మారుతూ ఉంటుంది. పని ఆగకూడదు కదా, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. సీజనంతా అలా మింగి వచ్చినవాళ్ళని, 'ఆకలి లేదు, కాళ్ళు ఉబ్బాయి' అంటూ వచ్చినవాళ్ళని నేను చూశాను.

అందుకని బయల్దేరే ముందు మీ తమ్ముడికి మూడు పరీక్షలు చేయించు: రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పేది), మూత్రంలో ప్రొటీన్, బీపీ. పలాసలో 2023 డిసెంబరు నుంచి 200 పడకల కిడ్నీ ఆస్పత్రి ఉంది, మీకు దగ్గరే. నాన్న ఫైలు కూడా పట్టుకెళ్ళు, ఇంట్లో జబ్బు ఉందని చెప్పు. నొప్పికి పారాసిటమాల్ తప్ప ఇంకేదీ వద్దు. అది కూడా 500 మి.గ్రా. మాత్ర, ఆరు గంటల ఎడంతో, రోజుకి నాలుగు మించకుండా. ఎవరు షీటు అందించినా వద్దనాలి. మామయ్యకి ఈ ఒక్క మాట అమ్మ నోటితో చెప్పించు. బావ గతి తెలిసినవాడు కాబట్టి దీన్ని తేలిగ్గా తియ్యడు.

అమ్మ గురించి. ఆవిడ ఏడుస్తోందని రాశావు. మీ మామయ్య ఆవిడకి తమ్ముడు. నువ్వు అడిగితే 'చిన్నపిల్ల, దీనికేం తెలుసు' అంటాడు. మీ తమ్ముడు అడిగితే పిరికివాడంటాడు. అక్క అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగితే జవాబు చెప్పక తప్పదు. పైన రాసినవన్నీ ఒక కాగితం మీద రాసి అమ్మ చేతిలో పెట్టు. అడ్వాన్స్ గురించి కూడా ఆవిడే అడగాలి: సీజను మధ్యలో పిల్లాడికి జబ్బు చేస్తేనో, దెబ్బ తగిలితేనో ఇంటికి పంపుతారా? మిగిలిన అడ్వాన్స్ బోటు యజమాని, అదే సేటు, ఎవరి దగ్గర వసూలు చేసుకుంటాడు? ఆస్పత్రి ఖర్చు ఎవరిది? ఇది డబ్బు గొడవలా కనిపిస్తుంది గానీ ఆరోగ్యానికి సంబంధించినదే. బాకీ తీరలేదని జ్వరంతో, చీము పట్టిన చేతితో మళ్ళీ బోటెక్కినవాళ్ళు చాలామంది.

అన్నట్టు, నాన్నకి డయాలసిస్ పింఛను వస్తోందా? మన రాష్ట్రంలో డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి నెలకి 10,000 ఇస్తున్నారు. రాకపోతే ఆస్పత్రి కాగితాలతో సచివాలయంలో అడుగు. అది వస్తుంటే అడ్వాన్స్ కోసం ఇంత తొందరపడాల్సిన పని కొంత తగ్గుతుంది, మామయ్యతో బేరానికి మీకు ఓపిక ఉంటుంది.

బీమా గురించి మీ దగ్గరి మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్ళండి. మత్స్య సంపద పథకం కింద ప్రమాద బీమా ఉంది. మరణానికి, పూర్తి వైకల్యానికి 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రెండున్నర లక్షలు. ప్రీమియం ప్రభుత్వాలే కడతాయి, మీరు కట్టేది లేదు. పేరు ఇక్కడ నమోదైందా లేదా అన్నది బయల్దేరే ముందే చూసుకోవాలి. గుజరాత్‌లో బోటు వేటకి పోయే ముందు మత్స్యశాఖ దగ్గర టోకెన్ తీసుకుంటుంది, అందులో బోటు మీద ఉన్నవాళ్ళ పేర్లు ఉంటాయి. ప్రతి ట్రిప్పుకీ దాని ఫొటో నీకు వాట్సాప్ చెయ్యమను. మనిషి సముద్రంలో గల్లంతై శవం కూడా దొరకనప్పుడు, ఆ రోజు వాడు ఆ బోటులోనే ఉన్నాడని చూపడానికి ఆ కాగితమే ఆధారం. పరిహారం ఇవ్వకుండా తిప్పుతుంటే 15100కి ఫోన్ చెయ్యొచ్చు, అది ఉచిత న్యాయ సాయం నంబరు.

ట్రిప్పు మధ్యలో ఫోన్ కలవకపోతే కంగారుపడకండి, ఒడ్డు దాటి కొంత దూరం పోయాక సిగ్నల్ ఉండదు. బోటు నంబరు, సేటు ఫోన్, పక్క బోటు తండేల్ ఫోన్ నీ దగ్గర ఉండాలి. టోకెన్ మీద తేదీ చూసి, రావాల్సిన రోజు దాటితే వాళ్ళకి చెయ్యి. తుపాను వార్త వస్తే మాత్రం ఆగకుండా సేటుకి ఫోన్ చెయ్యి. అరేబియా సముద్రంలో తుపానులు మే, జూన్‌లోనూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ వస్తాయి. 2021 మే 17న తౌక్తే గుజరాత్‌లో ఊనా దగ్గరే తీరం దాటింది, వెరావల్‌కి అదేమంత దూరం కాదు.

ఇక సంచి. ఓఆర్ఎస్ పొట్లాలు ఎక్కువే పెట్టు. పారాసిటమాల్, పోవిడోన్ అయొడిన్ ఆయింట్‌మెంట్, గాయానికి కట్టే గాజ్ గుడ్డ, ప్లాస్టర్, రెండు వెడల్పాటి క్రేప్ బ్యాండేజీలు. మొదటి రోజుల్లో వాంతులు ఆపడానికి డాక్టరు రాసిన మాత్ర. అది వేసుకుంటే మత్తుగా ఉంటుంది, ఆ పూట వించి దగ్గరికి పోకూడదు. టెటనస్ ఇంజెక్షన్ ఇక్కడే చేయించు. జెల్ల చేప ముల్లు గుచ్చుకున్నా, టేకు చేప తోకతో కొట్టినా ఆ చోటుని ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచితే పోటు తగ్గుతుంది. ఒళ్ళు కాలేంత వేడి వద్దు, ఇంకొకరి చేతితో చూసి మరీ పెట్టాలి. ముల్లు లోపల విరిగితే ఒడ్డుకి రాగానే తీయించుకోవాలి.

వలలో సముద్రపు పాములు వస్తాయి. వాటిని చేత్తో విసిరేస్తుంటారు, 'ఇవి కరవవు' అంటారు. కరుస్తాయి. కరిచినప్పుడు నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి తెలియదు. కొన్ని గంటల్లో ఒళ్ళంతా కండరాలు పట్టేయడం, రెప్పలు వాలడం, మూత్రం నల్లటీ రంగులో రావడం మొదలవుతుంది. మన ఆస్పత్రుల్లో ఉండే పాము విరుగుడు మందు నేల మీది నాలుగు రకాల పాములకే, సముద్రపు పాముకి పనిచెయ్యదు. కాబట్టి వెంటిలేటరు, డయాలసిస్ ఉన్న ఆస్పత్రికే చేర్చాలి. కోత పెట్టడం, నోటితో పీల్చడం వద్దు. తాడు బిగించడమూ వద్దు. క్రేప్ బ్యాండేజీతో కాలో చెయ్యో మొత్తం చుట్టి, కదలకుండా పడుకోబెట్టాలి. అందుకే రెండు పెట్టమన్నాను.

వెళ్ళొద్దని నేను రాయలేదు, గమనించావా? 21 ఏళ్ళవాడు, ఇంటి పరిస్థితి తెలిసి వెళ్తానంటున్నాడు. అయితే క్రియాటినిన్ 1.3 దాటినా, మూత్రంలో ప్రొటీన్ పోతున్నా ఈ సీజనుకి అడ్వాన్స్ తీసుకోకండి. రిపోర్టు పలాసలో కిడ్నీ డాక్టరుకి చూపించాకే ఏదైనా. మామయ్య వచ్చేది వచ్చే వారమే కాబట్టి, రేపే రక్తం ఇప్పించు.